ఊరి చేలల్లో కరెప్ప గొంతు

మొగుడి పేరు నోటితో చెప్పకూడదని మా అమ్మ నేర్పింది. చెప్పకపోతే ఈ కథలో ఎవరు ఏం చేశారో మీకు అర్థం కాదు కాబట్టి చెప్పేస్తున్నాను. ఆయన పేరు పుల్లన్న, నా పేరు తిప్పమ్మ. ఉరవకొండకు దగ్గర్లోనే మా ఊరు, ఊరికి చివర మా ఇల్లు. ఇంటికి మూడు వైపులా చేలే. వానలు పడితే వేరుశెనగ పండుతుంది, పడకపోతే ఆకాశం కేసి చూస్తూ కూర్చుంటాం. ఇంట్లో మేమిద్దరం, మాతోబాటు కరెప్ప.

కరెప్ప అంటే మా కుక్క. నల్లగా ఉంటాడని పెట్టిన పేరే గానీ, గట్టిగా పిలిస్తే ఊళ్ళో ఒకరిద్దరు పెద్దమనుషులు కూడా పలుకుతారు. గొర్రెల కాపరి ఒకాయన ఇస్తే మా ఆయన తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. మనుషులకే సంగటి చాలని కరువులో కుక్క ఎందుకని నా కోపం. తిడుతూనే గిన్నెలో పాలు పోశాను. అది నా పద్ధతి. ముక్కు మీద కోపం, చేతిలో గిన్నె. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి మా ఆయనకు చాలా ఏళ్ళు పట్టింది. కరెప్పకు మొదటి రోజే తెలిసిపోయింది.

వాడు పెరిగి పెద్దయ్యాక బయటపడింది వాడి గొంతు. అట్లాంటి గొంతు ఏ కుక్కకూ లేదు. ఊరికే మొరగడు. మొరిగితే మాత్రం బావిలోంచి వచ్చినట్టు లోతుగా వస్తుంది, ఆ చివర గుట్ట దాకా పోయి తిరిగొస్తుంది. వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టే కాలంలో అడవిపందులు చేల మీద పడతాయి. ఒక్క గుంపు చాలు, చేనంతా దున్నినట్టు చేసి పోతుంది. మేం చేను చుట్టూ పాత చీరలు కట్టాం, డబ్బాలు వాయించాం, దేనికీ అవి జంకలేదు. కరెప్ప ఒక్కసారి గొంతెత్తితే మాత్రం పిల్లల్ని వెంటేసుకుని పారిపోయేవి.

"నా కుక్క అరిస్తే పందులకు కాళ్ళాడవు" అని మా ఆయన టీ హోటల్ దగ్గర చెప్పని రోజు లేదు. నాకూ గర్వంగానే ఉండేది. పైకి మాత్రం "కుక్క అరిస్తే నువ్వు మీసం తిప్పుకునేదేంది?" అనేదాన్ని.

ఉరవకొండలో జాకబ్‌కు మైకుల అంగడి ఉంది. పెళ్ళిళ్ళకు, చర్చి పండగలకు మైకులు కట్టేవాడు, ఈ మధ్య రైతులకు బ్యాటరీ మైకులు అమ్ముతున్నాడు. ఓ కర్రకు డబ్బా కట్టి చేలో పాతితే, అందులోంచి మనుషుల కేకలో, పులి గాండ్రింపో, టపాకాయల మోతో కాసేపు వస్తుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. పగలు జింకలకు, పొద్దుగూకాక పందులకు. మేమూ ఒకటి కొని పాతాం గానీ, ఆ పులి గొంతును మా పందులు వారం తిరక్కుండానే లెక్కచేయడం మానేశాయి. మా ఆయన దాన్ని చూసి నవ్వాడు.

"పులిని ఈ పందులు యాడ చూసినాయప్పా? వాటికి తెలిసింది మా కరెప్ప. వాని గొంతు పట్టుకో, నేను కూర్చోపెడతా" అన్నాడు జాకబ్‌తో.

జాకబ్ మా ఇంటికి వచ్చి, కరెప్ప మొరుగుతుండగా రికార్డు చేసుకుని పోయాడు. ఆ గొంతును చిన్న చిప్పులో ఎక్కించి మా చేలో మైకుకు పెట్టాడు. ఏం చెప్పమంటారు! మర్నాటి నుంచి పంది అడుగు పడలేదు. మాకు తూర్పున చేను ఉన్న ఓబులేసు తన మైకుకూ అడిగి తీసుకున్నాడు. తర్వాత వాడి పక్క చేను, ఆ పక్క చేను. ఆ తర్వాత ఎవరూ మమ్మల్ని అడగనే లేదు, నేరుగా జాకబ్ అంగడికి పోయి "పుల్లన్న కుక్క ఉండాదా?" అనేవాళ్ళు. ఊరి చేలన్నిట్లో కరెప్ప గొంతే. పక్క ఊళ్ళకు కూడా పోయింది.

మా ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. కొత్త తువ్వాలు కొని భుజాన వేశాడు. బస్సులో ఎవరైనా ఊరి పేరు చెబితే, "ఆ ఊర్ల్యా ఇప్పుడు అరిసేది మావాడే" అనేవాడు.

ఈ సంబరంలో మేం కరెప్పను చూడటం మానేశాం. చూశాం గానీ, చూడాల్సినట్టు చూడలేదు.

వాడు పొద్దస్తమానం పరుగులే. తూర్పు గోడ దగ్గరికి పోయి మొరుగుతాడు, అంతలో పడమటి వాకిలికి పరుగెత్తుతాడు, అక్కడా మొరిగి మళ్ళీ తూర్పుకు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని తల ఎత్తేవాడు, ఇక ముట్టేవాడు కాదు. ఎండ లేకపోయినా నాలుక బయటపెట్టి రొప్పేవాడు. ఊరికే ఆవులించేవాడు. ముందు కాలు ఒకటే నాకుతూ, వెంట్రుకలు ఊడి ఎర్రగా పుండు చేసుకున్నాడు.

అన్నిటికీ మా దగ్గర సమాధానం ఉంది. పరుగులు పెడితే కాపలా అన్నాం. ఆవులిస్తే నిద్ర చాలలేదన్నాం. కాలు నాకితే చీమ కుట్టిందని పసుపు, వేపనూనె రాశాం. "చూస్తివా, ఒళ్ళు దాచుకోకుండా ఊరంతా కాస్తాండాడు" అని మా ఆయన వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. అన్నం తినకపోయేసరికి నాకు భయం వేసింది. ఇంతమంది నోట్లో పడ్డాడు, దిష్టి తగలకుండా ఉంటుందా అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. మా ఆయన దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి మెడకు కట్టాడు. ఆ తాయెత్తు చూసి నలుగురూ ఇంకా ముచ్చటపడ్డారు.

అట్లాంటప్పుడు వచ్చాడు ఓబులేసు. వాడి మైకులో చిప్పు పాడైందట, కరెప్ప గొంతు మళ్ళీ కావాలట. మా ఆయన వాడి ఫోనుకు పంపించాడు. కరెప్ప మూల పడుకుని ఉన్నాడు. ఓబులేసు వాడి ముందు చతికిలబడి, మెడ చుట్టూ చెయ్యి వేసి, "ఇనురా, నువ్వే అరుస్తాండావు" అని ఫోను చెవి దగ్గర పెట్టి ఆ మొరుగుడు వినిపించాడు. కరెప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మూతి నాక్కున్నాడు. ఆవులించాడు. ఓబులేసు నవ్వుతూ ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. కరెప్ప తోక కాళ్ళ మధ్యకు పోయింది. సన్నగా గుర్రుమన్నాడు. ఆ మరుక్షణం గబుక్కున నోరు వేశాడు.

పళ్ళు ఒంటికి తగల్లేదు, చొక్కా చెయ్యి చిరిగింది. ఓబులేసు వాకిట్లోకి ఉరికి, "పిచ్చి పట్టింది, పుల్లన్న కుక్కకు పిచ్చి పట్టింది" అని కేకలు పెట్టాడు. కరెప్ప మంచం కిందికి దూరి వణుకుతున్నాడు.

సాయంత్రానికి ఊరు మా వాకిట్లో ఉంది. మొన్నటిదాకా వాడి గొంతును చేలో పెట్టుకున్నవాళ్ళే, అందరూ ఒకే మాట. ఇంటి ముందు నుంచి బడికి పోయే పిల్లలు ఉన్నారు, ఎవర్నయినా కరిస్తే ఎవరు దిక్కు? కొందరు కర్రలు కూడా తెచ్చారు. ఓబులేసు మాత్రం పాపం అంత దూరం పోలేదు.

"చంపొద్దప్పా. మా బామ్మర్ది లారీ సోమవారం సోమందేపల్లె మీదుగా పోతాది. ఆడ హైవే పక్కన దింపేసి పోతాడు. యాడో ఒక చోట బతుకుతాది" అన్నాడు.

మా ఆయన పోయి గడపకు అడ్డంగా నిలబడ్డాడు. హైవే పక్కన దింపడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ లారీల మధ్య మా కరెప్ప ఒక్క పూట బతకడు. "సోమవారం లోపల మా కుక్క కుదురుకుంటే ఏమంటారు? కుదురుకోకపోతే నా చేతుల్తో నేనే ఎక్కిస్తా, పోండి" అని అందర్నీ వాకిట్లోంచి పంపేశాను. నోరు పెద్దదైతే ఇట్లాంటప్పుడు పనికొస్తుంది.

మర్నాడు ఆటోలో ఉరవకొండ పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టరమ్మ పేరు అంజలి. వాడి మీద చెయ్యి వేయకుండా, కాస్త పక్కకు తిరిగి నేల మీద కూర్చుంది. వాడే వచ్చి ఆమె చెయ్యి వాసన చూసిందాకా కదల్లేదు. తర్వాత నోరు, కళ్ళు, కాలి పుండు అన్నీ చూసింది. టీకాలు వేయించామా అని అడిగితే, మీ దగ్గరే వేయించాం అన్నాను.

"పిచ్చి లేదు, జ్వరం లేదు. అయినా కొన్నాళ్ళు కనిపెట్టి ఉండండి. వీడికి టెన్షనమ్మా" అంది.

"కుక్కకు టెన్షనా?" అన్నాడు మా ఆయన.

"మీకు వస్తే బీపీ అంటారు, వీడు చెప్పలేడు కాబట్టి కాలు నాక్కుంటాడు. ఆవులింత నిద్రకే రాదన్నా, భయపడినా వస్తుంది. మూతి నాక్కోవడం, ముఖం తిప్పుకోవడం, తోక ముడవడం, అదంతా 'నన్ను వదిలేయండి' అని చెప్పడమే. ఎవరూ వినకపోతే అప్పుడు నోరు వేస్తాడు. ఇంట్లో ఏదో వాణ్ణి నిలవనివ్వడం లేదు. భయపెడుతోంది."

భయం అనే మాట మా ఆయనకు సూదిలా గుచ్చుకుంది. "పందుల్ని తరిమిన కుక్క మేడమ్ ఇది! భయమంటే ఏందో దీనికి తెలీదు" అని లేచి నిలబడ్డాడు. ఇంకో రోజైతే అక్కడే కూర్చుని మైకు కథంతా చెప్పేవాడు. ఆ రోజు రోషంతో ఏమీ చెప్పకుండా తాడు పట్టుకుని బయటికి నడిచాడు.

డాక్టరమ్మ నన్ను ఆపింది. "అదేమిటో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేనమ్మా. వాడు ఆవులించినప్పుడు, కాలు నాకినప్పుడు, దానికి ముందు ఏం జరిగిందో చూడండి. ఏం చూశాడు, ఏం విన్నాడు, ఎవరొచ్చారు. దొరికితే దాన్ని వాడికి దూరం చేయండి. చీకటిగా, చల్లగా ఒక మూల ఇవ్వండి. అక్కడున్నప్పుడు ఎవరూ పిలవొద్దు, ముట్టొద్దు. ఆ మెడకు కట్టింది కొంచెం వదులు చేయండి" అంది. పుండుకు మందు ఇచ్చింది.

ఇంటికొచ్చి ధాన్యం గాదె పక్కన పాత గోనె పరిచి, నా చీర ఒకటి మడిచి వేశాను. తాయెత్తు విప్పి వాడి పైన గోడకు తగిలించాను. కూర్చుని చూశాను. వాడు ఆ మూలలో పడుకోవడం, అంతలోనే చెవులు నిక్కించి లేచి పరుగెత్తడం. ఏం చూసి లేస్తున్నాడో నాకు అంతుపట్టలేదు. వాకిట్లో మనిషి లేడు, పిల్లి లేదు. మైకుల మోత నా చెవులకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఉందన్న సంగతే నా బుర్రకు తట్టలేదు.

శనివారం వాన పట్టింది. మా సీమలో ఆ కాలంలో అంత వాన పడటం అరుదు. కాయ ఊరే వేళ పడిన వాన, అందరి ముఖాలూ వెలిగిపోయాయి. తడిస్తే పాడైపోతాయని జనం చేలకు పరుగెత్తి మైకులన్నీ ఊడదీసుకొచ్చారు. ఆ వానలో పందులు కూడా బయటికి రాలేదు.

ఆ రోజు కరెప్ప నిద్రపోయాడు. నిద్రంటే అట్లాంటి ఇట్లాంటి నిద్ర కాదు. వెల్లకిలా తిరిగి, నాలుగు కాళ్ళూ గాల్లో వదిలేసి, పెదవి జారిపోయి, గురక పెట్టి మరీ పడుకున్నాడు. లేచి గిన్నె ఖాళీ చేశాడు. గిన్నెను నాకుతూ గది ఈ చివర నుంచి ఆ చివరకు తోసుకుపోయాడు. మళ్ళీ పడుకున్నాడు.

"తాయెత్తు పని చేసినాది" అన్నాడు మా ఆయన.

"అది గోడకుండాది కదయ్యా!"

"గోడకున్నా పని చేస్తాది."

మర్నాడు ఎండ కాసింది. వాకిట్లో కూర్చుని చేట పట్టుకున్నాను. కరెప్ప నా కాళ్ళ దగ్గర పడుకుని ఉన్నాడు. ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే మైకులు ఎత్తుకుని చేలకు పోవడం కనిపిస్తోంది. తూర్పున ఓబులేసు చేలో మొదటి మైకు మొరిగింది. కరెప్ప కళ్ళు తెరిచాడు. ఆవులించాడు. నా చేట ఆగిపోయింది.

పడమట ఇంకోటి మొరిగింది. వాడు లేచి నిలబడ్డాడు. ఉత్తరాన మూడోది మొదలైంది. ఇక వాడు తూర్పు గోడకు పరుగు, అక్కణ్ణుంచి వాకిలికి పరుగు. రొప్పుతూ వచ్చి నా ముందు కూర్చుని కాలు నాకడం మొదలుపెట్టాడు.

కుక్కన్నాక ఇంకో కుక్క మొరిగితే బదులు పలుకుతుంది. ఇక్కడ మొరిగేది ఎవరు? తనే. పంది వచ్చిందని తన గొంతే తూర్పున అరుస్తోంది, పరుగెత్తి పోతే పంది లేదు, కుక్క లేదు, కర్రకు డబ్బా. అంతలో పడమట తనే పిలుస్తున్నాడు. వాడు ఉత్తుత్తి పందికి ఎన్నడూ గొంతెత్తలేదు. మేం వాడి గొంతుతో రేయింబవళ్ళు అబద్ధం ఆడిస్తున్నాం. వాడేమో ఆ అబద్ధం ప్రతిదానికీ నిజంగా కాపలా కాస్తున్నాడు. చేట పక్కన పెట్టి వాడి పక్కన కూర్చుని ఏడ్చాను. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

మా ఆయన వచ్చాక చెప్పాను. "యోవ్, వానికి పిచ్చీ పట్టలా, దిష్టీ తగల్లా. నువ్వు ఊరంతా పంచినావే, ఆ గొంతు. అదే వాన్ని తినేస్తాండాది."

నమ్మలేదు. "నా కుక్క గొంతుకు నా కుక్కే బెదురుతాదా?" అన్నాడు. నేను వాదించలేదు, చెయ్యి పట్టుకుని వాకిట్లో కూర్చోపెట్టాను. "డాక్టరమ్మ చెప్పినట్టు చూడు. నోరు మూసుకుని చూడు."

చూశాడు. మైకు మొరిగినప్పుడల్లా చూశాడు. ఒకసారి కరెప్ప పరుగు మధ్యలో ఆగి, మా ఆయన ముఖం కేసి చూసి ఆవులించాడు. నిన్నటిదాకా దాన్నే చూసి మురిసిపోయిన మనిషి తల దించుకున్నాడు. చాలాసేపు కూర్చుని, లేచి, భుజం మీది కొత్త తువ్వాలు కొయ్యకు తగిలించి పోయాడు. మా చేలో మైకు ఆగిపోయింది.

మా ఒక్కరిది ఆగితే సరిపోదు. మిగతా చేలన్నీ మొరుగుతూనే ఉన్నాయి, కాయ పీకే రోజులు దగ్గరికొచ్చాయి. సాయంత్రం టీ హోటల్ దగ్గర అందరూ ఉన్నప్పుడు మా ఆయన పోయాడు, వెనకే నేనూ పోయాను. ఇన్నాళ్ళూ ఎక్కడ నిలబడి గొప్పలు చెప్పాడో అక్కడే నిలబడ్డాడు.

"అప్పా, మా కుక్కకు పిచ్చి పట్టలా. మైకుల్లో వాని గొంతు విని వాడు నిలవలేక పోతాండాడు. ఆ గొంతు మీకిచ్చింది నేనే. ఇప్పుడు తీసేయమని అడిగేదీ నేనే" అన్నాడు.

ఓబులేసే నోరు తెరిచాడు. "తీసేస్తే పందుల సంగతేందన్నా? చేను పోతే మేమేం తినల్ల? పులికి భయపడవు, టపాకాయలకు భయపడవు. ఇంకో కుక్క గొంతు పెడితే నీ కుక్క మళ్ళీ పరుగులే."

నిజమే అడిగాడు. మా ఆయన తల గోక్కున్నాడు. అప్పుడు ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాట నేను చచ్చినా మర్చిపోను.

"మా తిప్పమ్మ గొంతు పెట్టుకోండి. ఈ ఊర్ల్యా దానికి జంకనోడు ఎవుడైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. హోటలంతా నవ్వు. నాకు కోపం తలకెక్కింది. ఇంటి ఆడదాన్ని నడివీధిలో పందుల మీదికి తోలుతావా అని అక్కడే అందుకున్నాను. ఓబులేసు చెవులు మూసుకుని, "వదినా, ఇదే, ఇదే కావల్ల" అన్నాడు.

అప్పటికప్పుడే జాకబ్‌ను పిలిపించారు. వాడు మా ఇంటికొచ్చి నా ముందు మైకు పెట్టి, "తిట్టక్కా" అన్నాడు. తిట్టమంటే తిట్లు వస్తాయా? "ఓయ్ పందీ, పో" అన్నాను బడిలో పద్యం అప్పజెప్పినట్టు. జాకబ్ తల కొట్టుకున్నాడు.

మా ఆయన గోడకు ఆనుకుని మెల్లగా అన్నాడు. "దాన్ని వదిలేయ్ జాకబూ. వయసైపోయింది. సంగటి కూడా ఇప్పుడు ఉండలు కడతాండాది. మా అక్క చౌడమ్మ చేసే సంగటి ఉండాది చూడు..."

తర్వాత నేను ఏమన్నానో నాకు పూర్తిగా గుర్తు లేదు. జాకబ్‌కు గుర్తుంది, వాడి చిప్పులో ఉంది. మా ఆయన పుట్టుక నుంచి వాళ్ళక్క చేతి సంగటి దాకా, ఆయన కొత్త తువ్వాలు నుంచి ఆయన మీసం దాకా ఒక్కటీ వదల్లేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే జాకబ్ రెండు చేతులూ జోడించాడు. మా ఆయన నవ్వుతున్నాడు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు ఆయన కావాలనే అన్నాడని.

అయినా ఒక భయం మిగిలింది. వాడి గొంతు వాణ్ణి అట్లా చేసింది కదా, నా గొంతు ఇంకేం చేస్తుందో? డాక్టరమ్మకు ఫోను చేస్తే, ముందు సన్నగా వినిపించి చూడండి, ఆవులించినా మూతి నాక్కున్నా ఆపేయండి అంది. కరెప్ప గోనె మీద పడుకుని ఉన్నాడు. ఇద్దరం దూరంగా కూర్చున్నాం. జాకబ్ సన్నగా మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాడు. కరెప్ప ఒక కన్ను తెరిచాడు. నన్ను చూశాడు. తోక రెండుసార్లు నేలకు కొట్టి, నిట్టూర్చి, గడ్డం నా చీర మీద పెట్టి కన్ను మూసుకున్నాడు.

ఆ సాయంత్రమే చేలన్నిట్లో చిప్పులు మారాయి. పక్క ఊళ్ళవాళ్ళకు జాకబ్ వేరే కుక్క గొంతు పెట్టి ఇచ్చాడు.

సోమవారం పొద్దున లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది. ఓబులేసు దిగాడు, చిరిగిన చొక్కా కుట్టించి వేసుకున్నాడు. కరెప్ప గడపకు అడ్డంగా పడుకుని ఉన్నాడు. ఓబులేసు ఈసారి మీదికి పోలేదు. డాక్టరమ్మ చేసినట్టే చెయ్యమని నేను చెప్పాను. పక్కకు తిరిగి కూర్చుని చెయ్యి ఊరికే కింద పెట్టాడు. కరెప్ప లేచి, ఒళ్ళు విరుచుకుని, వచ్చి ఆ చెయ్యి వాసన చూసి, పోయి మళ్ళీ గడపలో పడుకున్నాడు. ఓబులేసు వాడి కేసి కొంతసేపు చూసి, "బామ్మర్దీ, బండి పోనియ్యి" అని కేకేశాడు. నేను ఓబులేసుకు సంగటి పెట్టాను. ఉండలు లేవని వాడి చేతే చెప్పించాను.

కాలి పుండు మానడానికి ఇంకా రోజులు పట్టింది. పొద్దునపూట చెరువు గర్భంలోకి తాడు వదులుగా పట్టుకుని తీసుకుపోయేదాన్ని, వాడు ప్రతి పొదా వాసన చూసిందాకా ఆగేదాన్ని. మెల్లగా వెంట్రుకలు వచ్చాయి. పందులు మాత్రం రాలేదు. ఆ ఏడు ఊళ్ళో అందరి కాయా ఇంటికి చేరింది. కాయ పీకే వేళ ఒకే ఒక్క రోజు, గుట్ట వైపు నుంచి నిజంగానే ఒక పెద్ద పంది మా చేలోకి దిగింది. కరెప్ప గొంతెత్తాడు. ఎన్నాళ్ళకు విన్నామో ఆ గొంతు! చేలల్లో వంగి పని చేస్తున్నవాళ్ళందరూ నడుము ఎత్తి చూశారు. పంది గుట్ట దాటిందాకా ఆగలేదు. కరెప్ప ఆ ఒక్కసారే మొరిగి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మా ఆయన మీసం తిప్పుకున్నాడు, నేను ఏమీ అనలేదు.

ఇప్పుడు బస్సులో ఎవరైనా మా ఊరి పేరెత్తితే మా ఆయన, "ఆ చేలల్లో అరిసేది మా ఆడమనిషే, అరిపించుకునేది నేనే" అని చెబుతాడు. ప్రతి చేలోనూ ఆయన్ను తిట్టే తిట్లే మోగుతున్నాయి, ఆ మనిషికి అదీ గొప్పే. నాకు మాత్రం గొప్ప వేరే ఉంది. తూర్పున నేను అరుస్తాను, పడమట నేను అరుస్తాను, ఊరంతా నా తిట్లు. ఆ హోరులో కరెప్ప గడప మీద వెల్లకిలా పడి నిద్రపోతాడు. ఆ గొంతు తిడుతూనే పాలు పోస్తుందని వాడికి మొదటి రోజు నుంచీ తెలుసు.